భైరవుడి లెక్క

హేతువాదినని చెప్పుకు తిరిగే నేను రోజూ పొద్దున్నే ఆరింటికి వీధిలో "భైరవా! భైరవా!" అని కేకలు పెడుతుంటే మా కాలనీ వాళ్ళు ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. రిటైరయ్యాక మనిషి దారిలో పడ్డాడనుకుంటున్నారు. ఆ పేరు నేను పెట్టింది కాదు, దాని పాత యజమాని పెట్టింది. మూడేళ్ళు ఆ పేరుకి పలికిన కుక్కకి నా సిద్ధాంతం కోసం పేరు మార్చడం అన్యాయమనిపించి ఊరుకున్నాను.

2025 మే నెలలో సికింద్రాబాదులో ఒక షెల్టర్‌కి వెళ్ళాం. కుక్కని కొనొద్దు, దిక్కులేనిదాన్ని తెచ్చుకోండని మా అబ్బాయి పోరు. అక్కడ పనిచేసే అమ్మాయి అన్నీ తిప్పి చూపించింది. పిల్లలైతే వారంలో వెళ్ళిపోతాయట. పెద్దవి మిగులుతాయి. పెద్దవాటిలో నల్లవి ఆఖర్ని మిగులుతాయి. "ఎందుకమ్మా?" అంటే "నలుపు ఇంటికి మంచిది కాదంటారు అంకుల్. లేకపోతే నలుపే కావాలని వస్తారు, వాళ్ళని చూస్తే ఇంకా భయం" అంది.

ఆ రెండో రకం కథ భైరవుడిది. ముప్ఫై నాలుగేళ్ళు రక్షణ శాఖ అకౌంట్స్‌లో బిల్లులు చూసినవాణ్ణి, కాయితం కనబడితే చదవకుండా ఉండలేను. ఆ కుక్క ఫైలు తీయించాను. వీధిలో పుట్టింది, ఆపరేషన్ అయింది, రేబిస్ టీకా వేశారు, 2022లో ఒక కుటుంబం తీసుకెళ్ళింది. 2025 ఏప్రిల్లో తిరిగి తెచ్చారు. కారణం రాయాల్సిన గడిలో "పరిహారం పూర్తయినది" అని ఉంది.

విషయమేమిటంటే, ఆ ఇంటాయనది మకరరాశి. ఏలినాటి శని. నల్లకుక్కకి శనివారం శనివారం నూనె రాసిన రొట్టె పెడితే ఉపశమనం అని సిద్ధాంతి చెప్పాడు. వీధిలో వెతుక్కోవడం కష్టమని ఇంటికే తెచ్చుకున్నారు. పంచాంగం ప్రకారం 2025 మార్చి 29న శని కుంభం దాటి మీనంలోకి వెళ్ళాడు, ఏలినాటి శని వదిలింది. శనిగ్రహం సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి 29 ఏళ్ళ పైచిలుకు పడుతుంది. ఆ తిరుగుడులో ఒక రాశి దాటినందుకు ఇక్కడ ఒక కుక్కకి ఇల్లు పోయింది.

నలుపంటే గిట్టక వద్దన్నవాడికీ, నలుపు కోసమే తీసుకుపోయినవాడికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు. ఇద్దరూ కుక్కని చూడలేదు, రంగుని చూశారు. చాలా కుక్కల్లో ఈ నలుపుకి కారణమైన జన్యువు ఏదో 2007లో తేల్చారు. ఒకే ఒక్క జన్యువులో చిన్న మార్పు. దానికి మన జాతకంలో పాత్ర ఇవ్వడం మన తెలివి!

సరే, తెచ్చుకున్నాం. రెండు నెలలు హాయిగా గడిచాయి. జూలైలో ఒక అర్ధరాత్రి భైరవుడు మోర ఎత్తి ఏడుపు మొదలెట్టాడు. తెల్లారేసరికి వెనక వీధిలో ఒక పెద్దాయన పోయాడని తెలిసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ కబురు వినగానే నాకూ ఒళ్ళు జలదరించింది. చిన్నప్పుడు మా అమ్మ నోట విన్నమాట నలభై ఏళ్ళ హేతువాదాన్ని తోసుకుని పైకొచ్చింది. పాల దగ్గర, కూరల దగ్గర చర్చ మొదలైంది. రాజమండ్రి నుంచి అక్కయ్య ఫోను: "ఒరేయ్, నీ పంతం నువ్వు చూసుకుంటావు గానీ, అది ఏడిస్తే చావు కబురురా." మా ఆవిడ రెండు రోజులు సరిగా నిద్రపోలేదు. మూడోరోజు "ఏవండీ, తిరిగి ఇచ్చేద్దామండీ" అంది.

"మూఢనమ్మకం, నోరుమూసుకో" అనొచ్చు. మగవాళ్ళం హేతువాదాన్ని ఇంట్లో అలాగే అమలు చేస్తాం చాలామందిమి. కానీ సిద్ధాంతి మాట అధికారం, నా మాటా అధికారం అయితే ఆవిడకి ఒరిగేదేముంది? "ఆర్నెల్లు లెక్క రాద్దాం. తేలకపోతే నువ్వు చెప్పినట్టే చేద్దాం" అన్నాను. నోరు జారానేమోనని తర్వాత భయపడ్డాను కూడా. ఆ ఫైల్లో రెండో "తిరిగి ఇచ్చిన కారణం" నా చేత్తో రాయాల్సి వస్తే?

ఆగస్టు 1 నుంచి జనవరి 31 దాకా, 184 రోజులు. ముందే షరతులు రాసుకున్నాం. ఏడ్చిన రాత్రి, ఆ తర్వాత రెండు రోజులు, ఆ లోపల మా కాలనీలో ఎవరైనా పోతే ఆ చావు కుక్క ఖాతాలోకి. పక్క ఊళ్ళో చుట్టాలు లెక్కలోకి రారు. ఏడుపుకి ముందు ఏ శబ్దం వినిపించిందో కూడా రాయాలి. ఈ ఆఖరి గడి మా ఆవిడ పెట్టించిందే. నా చెవులు మందం, ఆవిడవి చురుకు.

ఏడ్చిన రాత్రులు 23. అందులో 17 సార్లు మెయిన్ రోడ్డు మీద అంబులెన్స్ సైరన్. మూడుసార్లు అవతలి వీధి కుక్కలు ఎత్తుకుంటే ఇదీ వంతపాడింది. మూడింటికి కారణం తెలియలేదు. దూరంగా ఉన్న గుంపుని పిలవడానికి తోడేళ్ళు చేసే పని ఇది. సాగదీసిన సైరన్ వాటికి అలాంటి పిలుపులా వినిపిస్తుంది. మనకి అందనంత సన్నటి చప్పుళ్ళూ కుక్కకి అందుతాయి.

కాలనీలో చావులు నాలుగు. కుక్క ఖాతాలో పడ్డవి రెండు.

సున్నా వస్తుందని ఆశపడ్డాను, రాలేదు. కానీ 23 రాత్రుల గడువులన్నీ కలిపితే 60 రోజులు, అంటే దాదాపు మూడోవంతు. కళ్ళు మూసుకుని కేలెండర్ మీద నాలుగు తేదీలు పొడిచినా ఒకటైనా అందులో పడుతుంది. రెండు పడటం వింత కాదు. పైగా ఆ రెండింటిలో ఒకాయన కోసం అంబులెన్స్ ఆ రాత్రే వచ్చింది. మనిషికి ప్రాణం మీదికొస్తే అంబులెన్స్, అది వస్తే సైరన్, సైరన్ మోగితే భైరవుడు. జూలైలో పోయిన పెద్దాయన విషయమూ కనుక్కున్నాం. రాత్రి రెండింటికి అంబులెన్స్ వచ్చిందట. కుక్క చావుని వినలేదు, బండిని విన్నది. ఈ వరస మా ఆవిడే తేల్చింది, నాకంటే ముందు.

అయితే ఇక్కడితో అయిపోలేదు. భయం పోయాక ఆవిడకి ప్రేమ పెరిగింది. "మీరు వీధి మలుపు తిరక్కముందే ఇది గేటు దగ్గరికి వెళ్తుందండీ, దీనికి ఎలాగో తెలుస్తుంది" అనడం మొదలెట్టింది. ఇంగ్లండులో జేటీ అనే కుక్క మీద ఇదే వాదన వస్తే రిచర్డ్ వైజ్‌మన్ బృందం పరీక్షించి, అలాంటి శక్తేమీ కనబడలేదని 1998లో ప్రచురించింది. షెల్డ్రేక్ మాత్రం మరుసటేడు కుక్కల పక్షాన పుస్తకమే వేశాడు. నేను చేసింది చాలా చిన్న పని. స్కూటర్ ఇంట్లో వదిలి, చెప్పని వేళల్లో ఆటోలో వచ్చాను, నాలుగుసార్లు. నాలుగుసార్లూ నేను గేటు గడియ తీసేదాకా భైరవుడు వరండాలో నిద్ర. ఆవిడ ముఖం చిన్నబోయింది. నిజానికి నాకూ కొంచెం చివుక్కుమంది. చావు కబురు అబద్ధమైతే సంతోషించినవాణ్ణి, ఇది నిజం కావాలని లోపల ఎక్కడో ఉన్నట్టుంది.

మొన్న అక్కయ్య మళ్ళీ ఫోన్ చేసి "ఆ కుక్క ఇంకా ఉందా?" అని అడిగింది. ఫోను మా ఆవిడ చేతిలో ఉంది. "ఆ మూడు ఏడుపులకీ కారణం ఇంకా తేలలేదు వదినగారూ. తేలేదాకా మా దగ్గరే ఉంటుంది" అంది.