క్యాలెండర్ గడిలో మనసు

మనసు బాగోలేదని వచ్చినవారిని "ఎప్పటినుంచి?" అని అడిగితే చాలామంది చెప్పేది "చాన్నాళ్లనుంచి" అనే. "మధ్యలో ఎప్పుడైనా తెరిపినిచ్చిందా?" అంటే "లేదండీ, ఎప్పుడూ ఇంతే" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. దిగులులో ఉన్న మనిషికి దిగులు రోజులే గుర్తుకొస్తాయి, మధ్యలో నవ్విన సాయంత్రాలు జారిపోతాయి. ఒంటి నొప్పి సంగతీ అంతే. 1996లో రెడెల్‌మైయర్, కానమన్ అనేవారు పెద్దపేగు పరీక్ష చేయించుకుంటున్న రోగులను నిమిషానికోసారి నొప్పెంతో అడిగారు, అంతా అయ్యాక మొత్తమ్మీద ఎంత బాధపడ్డారనీ అడిగారు. కొందరికి పరీక్ష నిమిషాల్లో ముగిసింది, కొందరికి గంట దాటింది. ఆ తేడా జ్ఞాపకంలో దాదాపు లెక్కకే రాలేదు. బాధ మరీ ఎక్కువైన క్షణం, చివరి నిమిషాలు, ఈ రెండే మిగిలాయి. అలాంటి జ్ఞాపకాన్ని నమ్మి రెండు నెలలకోసారి మందు పెంచుతూ తగ్గిస్తూ పోతే, వచ్చిన రోజు మనిషి ఎలా ఉన్నాడో దాన్నిబట్టి వైద్యం నడుస్తుంది.

దీనికి విరుగుడు మన వంటింటి గోడ మీదే ఉంది. పాలు రాని రోజున క్యాలెండర్ గడిలో సున్నా చుడతాం, గ్యాస్ బండ మార్చిన తేదీ పక్కన ఓ గుర్తు పెడతాం. నెలాఖరున పాలవాడితో పేచీ వస్తే తీర్చేవి ఆ సున్నాలే. మనసు లెక్కకూ గడిలో ఆ మాత్రం చోటు చాలు. 1 నుంచి 5 లోపు మనసుకో అంకె (1 అంటే బాగా దిగులు, 5 అంటే మంచి హుషారు), రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారన్నది, మందు వేసుకుంటే ఓ టిక్కు, ఆడవారైతే నెలసరి మొదలైన రోజున చుక్క. ఎందుకలా ఉందన్నది రాయనక్కర్లేదు. ఇంట్లో ఎవరి కంటబడినా పాల లెక్కే అనుకుంటారు, అదీ మంచిదే. విడిగా చూస్తే ఈ గుర్తులు ఏమీ చెప్పవు, పక్కపక్కన పడితేనే మాట్లాడతాయి. దిగులు, అతిహుషారు మారిమారి వచ్చే బైపోలార్ రోగికి నిద్ర ఏడు గంటల నుంచి అయిదుకు, నాలుగుకు పడిపోతూ, అలసట మాత్రం లేకుండా, మనసు అంకె 5కు చేరిందంటే ఇంట్లోవాళ్లు "బాగా హుషారయ్యాడు" అని సంతోషిస్తారు. వైద్యుడు జాగ్రత్తపడాల్సింది సరిగ్గా ఆ వారంలోనే. నెలసరికి ముందు వచ్చే తీవ్రమైన మనోవ్యథ విషయంలోనైతే, కనీసం రెండు నెలసరుల పాటు రోజువారీగా రాసిన లెక్క ఉంటేనే నిర్ధారించాలని 2013 నాటి అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణే చెబుతోంది.

రోగులు నిజంగా రోజూ రాస్తారా అని తోటి వైద్యులు నవ్వుతారు. వారి అనుమానానికి ఆధారం గట్టిదే. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో నొప్పి రోగులకిచ్చిన డైరీల అట్టలో వెలుతురును పసిగట్టే పరికరం దాచిపెట్టారు. రోగులు నమోదు చేసిన దాని ప్రకారం 90 శాతం సార్లు చెప్పిన వేళకే రాశారు. అట్ట నిజంగా ఆ వేళకు తెరుచుకున్నది 11 శాతం సార్లే. ఇన్‌స్పెక్టర్ వచ్చే ముందు రోజు హోంవర్కంతా పూర్తిచేసే పిల్లల్లా, తరువాతెప్పుడో కూర్చుని చాలావరకు నింపేశారన్నమాట. నా ఉద్దేశంలో ఇందులో తప్పు రోగిది తక్కువ, అడిగినవారిది ఎక్కువ. రోజుకు మూడుసార్లు, మూడు వారాలు డైరీ తెరిచి రాయమంటే ఎవరికి ఓపిక? రెండు అంకెలు, ఓ టిక్కు అయితే పళ్లు తోముకునేంతసేపు కూడా పట్టదు. ఖాళీ వదిలితే కోప్పడనని వైద్యుడు ముందే చెప్పాలి. నాలుగు ఖాళీ గడులు వరుసగా కనిపిస్తే ఆ నాలుగు రోజులూ మంచం దిగలేదేమోనని అడగవచ్చు. తరువాత కల్పించి నింపిన అంకెల కన్నా ఖాళీయే నయం.

రోజూ మనసును తడిమి చూసుకుంటే దిగులు పెరగదా అన్న ప్రశ్న ఇంతకన్నా బరువైనది. కొందరికి పెరుగుతుంది. అతిశుభ్రత, అనుమానాల జబ్బు ఉన్నవారు అంకె సరిగ్గా వేశామో లేదోనని పదేపదే చూసుకుంటారు. నిద్రపట్టనివారు గంటలు లెక్కపెట్టడానికే మేలుకుంటారు. వారికి ఈ పని మాన్పించాలి. మిగతావారికీ జీవితాంతం అక్కర్లేదు, మందు మార్చినప్పుడో కొత్త చికిత్స మొదలైనప్పుడో ఆరేడు వారాలు రాస్తే చాలు. ఇంకో జాగ్రత్త. 1 వేయాల్సిన రోజున చచ్చిపోవాలన్న ఆలోచన కూడా వస్తే, గడి నింపి వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. టెలి మానస్ అనే మానసిక సహాయ ఫోన్ లైన్ 14416కు ఫోన్ చేయండి. డబ్బులు కట్టనక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.