హ్యాండ్ ఎక్కడ ఆగుతుంది?

ఇంగ్లీషు హ్యాండ్ మణికట్టు దగ్గర మొదలై వేళ్ల కొసల దగ్గర ఆగిపోతుంది. మణికట్టుకు పైనున్నది ఆర్మ్. తెలుగు చెయ్యికి ఈ సరిహద్దు లేదు. భుజం నుంచి గోళ్ల దాకా అంతా చెయ్యే. అలాగని తెలుగుకు భాగాలు తెలియవని కాదు. జబ్బ, మోచెయ్యి, ముంజెయ్యి, మణికట్టు, అరచెయ్యి అని వరసగా పేర్లున్నాయి. మొత్తాన్ని ఒక్క మాటతో పిలవడం దగ్గరే రెండు భాషలకూ తేడా. చెట్టెక్కి పడ్డ పిల్లాడికి మోచేతి పైన ఎముక విరిగినా ఇంట్లోవాళ్లు చెయ్యి విరిగిందనే అంటారు. ఆ మాటనే హ్యాండ్ అని మార్చి పరాయి దేశంలో డాక్టరుకు ఫోన్లో చెబితే, ఆయన ఆలోచన మణికట్టు నుంచి కిందనున్న 27 ఎముకల చుట్టూ తిరుగుతుంది. మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. కాలి సంగతీ ఇంతే. ఫుట్ అయినా లెగ్ అయినా తెలుగులో కాలే.

మరో తేడా వ్యాకరణంలో ఉంది. ‘పని చెయ్యి’ అన్నా ‘కుడి చెయ్యి’ అన్నా తెలుగు చెవికి వినిపించేది ఒకే మాట. ఇంగ్లీషులోనూ హ్యాండ్ నామవాచకంగా ఉంటూనే క్రియ అయింది, కానీ దాని అర్థం చేయడం కాదు, అందించడం. కాగితాలు ఇచ్చినా, తాళాలు అప్పగించినా, తండ్రి నగలు కూతురికి దక్కినా ఆ క్రియే పనికొస్తుంది. పక్కన చేరే చిన్న మాట మారుతుందంతే. అందులో హ్యాండోవర్ ఒక్కటి తెలుగులో బాగా స్థిరపడింది. ఫ్లాటు కొన్నవాళ్లంతా బిల్డరును అడిగే మొదటి ప్రశ్న హ్యాండోవర్ ఎప్పుడనే.

కొలతగా హ్యాండ్ ఇప్పటికీ బతికున్నది గుర్రాల దగ్గరే. గుర్రం ఎత్తును నేల నుంచి మూపు దాకా హ్యాండ్లలో చెబుతారు. ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలు, అంటే 10.16 సెంటీమీటర్లు. ఇక్కడ కొత్తవాళ్లు పొరపడే చోటొకటి ఉంది. 15.2 అని రాస్తే అది దశాంశం కాదు, సరిగ్గా పదిహేనున్నర. 15 హ్యాండ్ల మీద 2 అంగుళాలు. 15.3 తర్వాత వచ్చేది 16. ఒంటినే కొలబద్ద చేసుకోవడం తెలుగుకూ అలవాటే: బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు. వీటిలో మూర రోజూ సాయంత్రం వీధిలో కనిపిస్తుంది. పూలమ్మే ఆమె మాల కొసను వేళ్ల మధ్య పట్టి, మోచేతి దాకా సాగదీసి, అక్కడ దారం తెంపుతుంది. ఆమె చెయ్యి ఎంతుంటే ఆ వీధికి మూర అంత. ‘కాస్త వదులుగా కొలువమ్మా’ అని అడగడమే తప్ప టేపు తెచ్చి కొలిచేవాళ్లు లేరు.

హ్యాండ్ ఒంటిని దాటి మనిషంతటికీ పేరైంది పనిచోట. ఓడ మీద ఉన్నవాళ్లందరినీ డెక్ మీదికి రమ్మంటే ‘ఆల్ హ్యాండ్స్’ అన్నారు. పొలంలో కూలీ ఫార్మ్ హ్యాండ్, మిల్లులో కార్మికుడు మిల్ హ్యాండ్. ఈ వాడుకలో ఉన్న నిర్దయను ఛార్లెస్ డికెన్స్ 1854లో వచ్చిన ‘హార్డ్ టైమ్స్’లో పట్టుకున్నాడు. ఆ కార్మికులు చేతులుగానో, చేతులూ పొట్టగానో మాత్రమే పుట్టి ఉంటే కొందరికి ఇంకా బాగా నచ్చేవాళ్లని రాశాడు. అవసరమైన అవయవం పేరుతో మనిషిని పిలవడంలో మిగిలిన మనిషి లెక్కలోంచి జారిపోతాడు. అయితే ఇదే వాడుక గౌరవంగానూ మారింది. ఓల్డ్ హ్యాండ్ అంటే ఆ పనిలో పండినవాడు; తెలుగులో చెయ్యి తిరిగినవాడు. యజమానికి రైట్ హ్యాండ్ అనదగ్గవాణ్ని తెలుగు ఇంకాస్త పైకి జరిపి కుడిభుజం అంది.

హ్యాండ్‌లూమ్ అన్నచోట హ్యాండ్‌కు అర్థం మరమగ్గం కాదనడమే. లూమ్ అనే మాటకు పాత ఇంగ్లీషులో పనిముట్టు అని అర్థం. తర్వాతే అది మగ్గానికి పరిమితమైంది. గుంటమగ్గం ముందు కూర్చున్న నేతగాణ్ని చూస్తే చెయ్యి ఒక్కటే నేయడం లేదని తెలుస్తుంది. కాళ్లు గుంటలో తొక్కుళ్లు తొక్కుతుంటాయి, ఒక చెయ్యి తాడు లాగి నాడెను అటూ ఇటూ పంపుతుంది, రెండో చెయ్యి పడిన పోగును ముందరి పోగుల దగ్గరకు కొడుతుంది, కళ్లు తెగిన దారం కోసం చూస్తుంటాయి. ఒళ్లంతా చేసే పనికి చెయ్యి పేరొచ్చింది. చేనేత అన్న తెలుగు మాటలోనూ అంతే. స్వదేశీ ఉద్యమం మొదలైన 1905 ఆగస్టు 7 గుర్తుగా 2015 నుంచి ఆ తేదీని జాతీయ చేనేత దినంగా జరుపుతున్నారు. బట్టల షాపులో మాత్రం హ్యాండ్‌లూమ్ అంటే మగ్గం కాదు, చీరే.

రాతకు కూడా ఇంగ్లీషులో హ్యాండ్ అనే పేరు. ఉత్తరం చూసి ‘ఇది ఆయన హ్యాండే’ అంటే ఆయన దస్తూరీ అని. వేగంగా రాసేది షార్ట్‌హ్యాండ్. ఐజాక్ పిట్మన్ 1837లో ప్రకటించిన పద్ధతి తెలుగు ఊళ్ల టైపు ఇన్‌స్టిట్యూట్ల బోర్డుల మీద ఎన్నో ఏళ్లు వెలిగింది. చెయ్యినీ రాతనూ కలిపిన మాట తెలుగులో మరో దారిన వచ్చింది. పారశీకంలో దస్త్ అంటే చెయ్యి. దస్కత్తులో ఉన్నది అదే, దస్తావేజులో ఉన్నదీ అదే. జబర్దస్తీలోనూ అదే దాగుంది: జబర్ అంటే పైన, దస్త్ అంటే చెయ్యి. ఇంగ్లీషు అప్పర్ హ్యాండ్, పారశీక జబర్దస్త్, తెలుగు పైచెయ్యి అక్షరాలా ఒకటే మాట. మూడు భాషలు బలాన్ని ఒకే బొమ్మగా చూడటం నిజంగా అబ్బురమే. తెలుగుకు చేరేసరికి జబర్దస్తీ బలవంతం అయింది, పైచెయ్యి గెలుపుగానే మిగిలింది.

హ్యాండ్‌కర్చీఫ్ కథ ఇంతకన్నా వింతైనది. పాత ఫ్రెంచిలో తలను కప్పే గుడ్డకున్న పేరు ఇంగ్లీషులో కర్చీఫ్ అయింది. దాన్ని చేత్తో పట్టుకు తిరగడం మొదలయ్యాక ముందు హ్యాండ్ చేర్చారు. విడదీసి చదివితే చేతిలో ఉండే తలగుడ్డ. తెలుగులో చేతిరుమాలు ఉంది. రుమాలు పారశీకంలో మొహం తుడుచుకునేది. అక్కడ చేతిలో తల, ఇక్కడ చేతిలో మొహం. తెలంగాణలో దస్తీ అంటారు. తలా మొహం రెండూ వదిలేసి చెయ్యి ఒక్కదాన్నే పట్టుకున్న ఆ మాటే అన్నిటికన్నా సూటిగా ఉంది.

లాటిన్‌లో చేతిని మానుస్ అంటారు. ఇంగ్లీషులోని మాన్యువల్, మాన్యుస్క్రిప్ట్, మేనేజ్ వంటివి ఆ కొమ్మవే. మాన్యుఫాక్చర్ అంటే నిజానికి చేత్తో చేయడం. ఇవాళ యంత్రాల ఫ్యాక్టరీకి ఆ పేరు. గ్రీకు చెయ్యి ఖీర్, దానికి పని అనే మాట చేరి చాలా దూరం నడిచి సర్జరీగా తేలింది. తెలుగువాళ్లు మంచి డాక్టరు గురించి చెప్పేటప్పుడు హస్తవాసి గలవాడంటారు.

హ్యాండ్సమ్ అంటే మొదట చేతికి ఒదిగేది, వాడుకకు అనువైనది. అక్కడి నుంచి తగినదని, ఉదారమైనదని, చివరికి అందగాడని అర్థాలు మారాయి. మంచి జీతాన్ని హ్యాండ్సమ్ శాలరీ అనడంలో మధ్యకాలపు అర్థం ఇంకా ఉంది. హ్యాండిక్యాప్ గురించి ఒక తప్పుడు కథ బాగా తిరుగుతోంది, చేతిలో టోపీ పట్టుకుని అడుక్కునేవాళ్ల నుంచి ఆ మాట పుట్టిందని. అది నిజం కాదు. వస్తువుల మార్పిడికి సంబంధించిన పాత పందెపు ఆటలో టోపీలో చెయ్యి పెట్టేవాళ్లు. దానికి ‘హ్యాండ్ ఇన్ క్యాప్’ అని పేరు. ఆ మాట గుర్రప్పందేలకు వెళ్లి, బలమైన గుర్రం మీద అదనపు బరువు వేయడానికి పేరైంది. వైకల్యం అనే అర్థం 20వ శతాబ్దంలో వచ్చి చేరింది. మనుషుల విషయంలో ఇప్పుడు ఆ మాటను మానేయడం సరైన పని, దానికి ఆ తప్పుడు కథ అవసరమే లేదు.

గడియారంలో ఇంగ్లీషుకు హ్యాండ్ ఉన్నచోట తెలుగుకు ముల్లు ఉంది. సెకండ్ హ్యాండ్ అంటే సెకన్ల ముల్లు అని చదువుకున్న పిల్లవాడు, సెకండ్‌హ్యాండ్ బండి అని వినగానే తికమకపడతాడు. అక్కడ హ్యాండ్ అంటే సొంతం. చేతిలో ఉంటే తనది, చెయ్యి మారితే ఇంకొకరిది. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద పరిచిన సెకండ్‌హ్యాండ్ పుస్తకాలు ఎన్ని చేతులు మారాయో మొదటి పేజీలో సంతకాలు లెక్కపెడితే తెలుస్తుంది.

డబ్బు దగ్గర రెండు భాషలూ పక్కపక్కనే నడిచి కొన్నిచోట్ల విడిపోతాయి. కాగితం లేని చిన్న అప్పు తెలుగులో చేబదులు. మన దేశపు ఇంగ్లీషులో దానికి హ్యాండ్ లోన్ అని పేరు. లంచానికి ఇంగ్లీషువాళ్లు అరచేతికి కొవ్వు రాస్తే, తెలుగువాళ్లు చెయ్యి తడుపుతారు. ఉదారుణ్ని ఇంగ్లీషు ఓపెన్ హ్యాండెడ్ అంటుంది. తెలుగులో అతని చేతికి ఎముక లేదంటారు, 27 ఎముకలనూ ఒక్కమాటతో తీసేసి.

ఇంగ్లీషులో ‘గివ్ ఎ హ్యాండ్’ అంటే సాయం చేయడం. మధ్యలో బిగ్ చేరి వేదిక మీది నుంచి వినిపిస్తే చప్పట్లు కొట్టమని. తెలుగులో సాయానికి చేయూత ఉంది, చెయ్యందించడం ఉంది. కానీ ‘చెయ్యిచ్చాడు’ అంటే నమ్మించి, అవసరానికి తప్పుకున్నాడని అర్థం. హ్యాండ్ అనే మాట తెలుగు నాలుకకు అలవాటయ్యాక ‘హ్యాండిచ్చాడు’ అయింది. మాట మాత్రమే ఇంగ్లీషుది, అర్థం పూర్తిగా ఇక్కడిదే. ‘ఇల్లు మారేటప్పుడు వస్తానని హ్యాండిచ్చాడు’ అని స్నేహితుడి మీద చెప్పుకునే గోడును మాటకు మాట ఇంగ్లీషులో పెడితే, ఆ స్నేహితుడు వచ్చి మంచం ఒక పక్క పట్టుకున్నట్టు వినిపిస్తుంది.