బండికో ఊతం

కొత్త బైకు ఇంటికొచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. నెల తిరిగేసరికి చైను కిర్రుమంది. నూనె వేద్దామని కూర్చున్నాక గానీ కొడుక్కి తెలియలేదు... దానికి సెంటర్‌ స్టాండే లేదని! వెనక చక్రం నేలకి ఆని ఉంటే చైను తిరిగేదెలా?

బండిని సైడ్‌ స్టాండ్‌ మీద వంచి అడుగున ఇటుకలు పేర్చాడు. ఇటుక జారింది. పక్కనే చెల్లెలు ఆడుకుంటోంది. తండ్రి పరుగున వచ్చి హ్యాండిల్‌ పట్టుకోబట్టి సరిపోయింది!

ఆ సాయంత్రమే ఇద్దరూ ప్యాడాక్‌ స్టాండ్‌ కోసం వెళ్లారు. వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్‌కి బాబిన్లు బిగించే వీలుంటే కొక్కేల రకం, లేకుంటే అడుగున ఆనే ఎల్‌ ఆకారం రకం. కొడుకు చౌకదాని మీద చెయ్యి వేశాడు.

''150 కిలోల బండిరా నాన్నా. ఎంత బరువు మోస్తుందో, అడుగు వెడల్పుగా ఉందో లేదో చూడు. ధర తర్వాత'' అన్నాడు తండ్రి.

ఇంట్లో చదునైన గచ్చు మీద తండ్రి హ్యాండిల్‌ పట్టుకుంటే కొడుకు స్టాండ్‌ తొక్కాడు. చక్రం లేచింది. ఇంజిన్‌ ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, చేత్తో తిప్పుతూ నూనె వేశారు. ఇంజిన్‌ నడుస్తుండగా వేస్తే చైన్లో వేళ్లు నలుగుతాయి మరి.

స్టాండ్‌ ఏదైనా, ఎత్తేటప్పుడు హ్యాండిల్‌ దగ్గర ఇంకో మనిషి ఉండాల్సిందే. ఆ ఇంట్లో ఇప్పుడదే నియమం.