ఎక్కిన గేర్లోనే దిగాలి

డెన్వర్ నుంచి ఐ-70 మీద పడమటికి వెళ్తే కొండల్లో ఐసెన్‌హోవర్ టన్నెల్ వస్తుంది. ఎత్తు 11 వేల అడుగుల పైనే. అది దాటాక సిల్వర్‌థోర్న్ దాకా ఒకటే దిగుడు. బ్రేకులు ఫెయిలైన లారీల కోసం రోడ్డు పక్కన ఎస్కేప్ ర్యాంపులు కూడా ఉన్నాయి.

పోయిన వేసవిలో ఫ్రెండ్ పెట్రోల్ పికప్‌కి 8 వేల పౌండ్ల క్యాంపింగ్ ట్రైలర్ తగిలించుకుని దిగుతున్నా. సగం దారిలోనే బ్రేకులు కాలిన వాసన! వెనక సీట్లో అమ్మ దేవుడికి దండాలు. నాన్న మాత్రం, "ఎక్కిన గేర్లోనే దిగాలిరా, తిరుమల ఘాట్‌లో మేం చేసేదదే" అన్నారు. గేర్ తగ్గించా, బతికిపోయాం.

అందుకే సొంత బండి డీజిలే అనుకున్నా. లాగే బలం సరే, నాకు కావాల్సింది దాని ఎగ్జాస్ట్ బ్రేక్. పొగ బయటికి పోయే దారిని బిగిస్తుంది, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, చక్రాల బ్రేకులు వేడెక్కవు.

బ్రోషర్‌లో టోయింగ్ నంబర్ చూసి పడిపోకండి. డ్రైవర్ డోర్ దగ్గరున్న పేలోడ్ స్టిక్కర్ చూడండి. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడుతుంది. మాకైతే 1,200 పౌండ్ల దాకా. ఆపైన మనుషులు, సామాన్లు. డీజిల్ ఇంజనే బరువు కాబట్టి, అదే సైజు పెట్రోల్ బండి కన్నా పేలోడ్ తగ్గుతుంది. నేను ఒక సైజు పెద్దదే తీసుకున్నా.

అమ్మ మాత్రం ఇంకా ఆ దారి వద్దంటోంది.