కడలి పోటు – దినప్రమాణము

అనకాపల్లి జిల్లాలో అచ్యుతాపురము మండలమున సముద్రపుటొడ్డున పూడిమడక యను గ్రామము కలదు. అది మత్స్యకారుల ఊరు. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవలతో వేట నిషిద్ధము. అట్టి దినములలో ఒకనాటి సాయంకాలము, ఒడ్డున కూర్చుండి వల బాగుచేసికొనుచున్న ఒక వృద్ధునితో ఆయన మనుమడు, “తాతా, భూమి తిరుగుట మందగించి దినము పొడవగుచున్నదట. బడిలో మాష్టారు చెప్పినారు” అనెను. తాత వలనుండి తల యెత్తకయే, “వేట లేని దినము ఎప్పుడును పొడవే గదరా, నాయనా!” అని నవ్వెను.

తాత హాస్యమునకే అన్నను, దినమును నిజముగా పొడిగించుచున్న శక్తి ఆయన కన్నులయెదుటనే ఉన్నది. అది సముద్రపు పోటు.

నేడు ఒక వేళకు వచ్చిన పోటు రేపు అదే వేళకు రాదు. సుమారు రెండు ఘడియలు, అనగా 50 నిమిషములకు కొంచెము అటునిటుగా, ఆలస్యముగ వచ్చును. చంద్రుడును సగటున అంతే ఆలస్యముగ ఉదయించుచుండును. ఈ రెండింటికి గల పొత్తును సముద్రముతో బ్రతుకువారు పుస్తకములు చదువకయే ఎరుగుదురు. చంద్రుని ఆకర్షణవలన భూమికి అతనివైపునను, దానికెదుటి వైపునను సముద్రజలము కొంచెము ఉబ్బును. చంద్రుడు భూమిని ఒకమారు చుట్టివచ్చుటకు 27 దినములకు పైగా పట్టును; భూమియో ఒక్క దినములోనే తన చుట్టు తాను తిరుగును. ఇట్లు వడిగా తిరుగు భూమి ఆ ఉబ్బును చంద్రునికంటె ముందునకు ఈడ్చుకొనిపోవును. చంద్రుడు దానిని వెనుకకు లాగును. ఈ పెనుగులాటలో నీరు కడలి అడుగుతోను, తీరపు మెరకలతోను రాచుకొనును. తిరుగుచున్న సారెకు కుమ్మరి అరచేయి తాకించిన సారె మందగించును గదా! భూమికిని అదియే గతి. భూమి కోల్పోవు వేగము వృథాగా పోదు; దాని ఫలముగా చంద్రుడు ఏటేట 3.8 సెంటీమీటర్లు దూరమగుచున్నాడు. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రునిపై ఉంచివచ్చిన అద్దములపైకి లేజరు కాంతిని పంపి, అది తిరిగివచ్చు కాలమునుబట్టి శాస్త్రజ్ఞులు దీనిని కొలిచిరి.

ఇంతకును దినము పెరుగుట ఎంత? నూరేండ్లకు సెకనులో వేయవవంతులు రెండైనను కాదు. ఇంత స్వల్పమునకు ఇంత చర్చయా యని ఎవరైనను నవ్వవచ్చును. కాని ఈ లోటు వడ్డికి వడ్డి చేరినట్లు కూడుచుండును. దీనికి సాక్ష్యము గ్రహణములే. సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ భూమిపై సన్నని బాటవెంట మాత్రమే సాగును. 1868 ఆగస్టు 18నాటి గ్రహణమును చూచుటకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ అంతదూరమునుండి గుంటూరునకు రావలసివచ్చినది అందువలననే. క్రీస్తు పూర్వము 136వ సంవత్సరము ఏప్రిల్ 15న బాబిలోను నగరమున అట్టి గ్రహణమే పట్టెను. పగటివేళ శుక్రుడు, బుధుడు, చుక్కలు కనబడెనని అచటి జ్యోతిష్కులు మట్టిపలకలపై వ్రాసియుంచిరి. భూమి సదా నేటి వడితోనే తిరిగియున్నచో లెక్కప్రకారము ఆ నీడ 48 డిగ్రీలకు పైగా పడమటగా పడవలసియుండెను. బాబిలోనువారికి పట్టపగలు చుక్కలు కనబడెడివి కావు. వారు చూచిన చీకటి నిజమగుటచేత, నాటినుండి నేటికి భూమియను గడియారము మూడుగంటలకు పైగా వెనుకబడినదని తేలినది. ఎవ్వరికి ఉపయోగపడునని యెరుగకయే ఆ జ్యోతిష్కులు వ్రాసిన నాలుగు పంక్తులు రెండువేల యేండ్లు దాటి నేడు ఈ లెక్కను తీర్చినవి!

అంతకంటె ప్రాచీనమైన సాక్ష్యము పగడపు పురుగులది. అవి దినమున కొక సన్నని గీతవంతున తమ గూటిని పెంచుకొనును. దాదాపు 40 కోట్ల యేండ్లనాటి శిలాపగడములలో ఏటికి సుమారు 400 గీతలున్నవని జాన్ వెల్స్ 1963లో ప్రకటించెను. నాడు దినమునకు 22 గంటలే యన్నమాట.

ఐనను భూమి ఒకే తీరున మందగించుట లేదు. 2004 డిసెంబరు 26న సుమత్రా చెంత సముద్రగర్భమున భూకంపము పుట్టి, దాని కెరటములు ఆంధ్రతీరమునను ప్రాణములు తీసినవి. ఆ కంపమున భూమిలోని కొంత ద్రవ్యము లోపలికి జరుగుటవలన దినము సెకనులో పదిలక్షవవంతులు మూడింటికి లోపుగా తగ్గెనని శాస్త్రజ్ఞులు గణించిరి. ఒప్పులకుప్ప ఆడు బాలికలు దగ్గరకు జరిగినకొలది వడి హెచ్చునట్లే ఇదియు. 2020 తరువాత భూమి మరికొంత చురుకుగా తిరుగుచున్నది. 2024 జులై 5నాటి దినము 24 గంటలకు 1.66 మిల్లీసెకనులు తక్కువ. ఇది తాత్కాలికపు హెచ్చుతగ్గు. చంద్రుని పట్టు మాత్రము వదలునది కాదు.

అణుగడియారములు ఇట్లు తడబడవు. కావున వానికిని భూమికిని పొత్తు కుదుర్చుటకై 1972 మొదలు 27 పర్యాయములు లోకపు గడియారములకు ఒక్కొక్క సెకను కలుపబడినది. కడపటిసారి కలిపినది 2017 జనవరి 1న, మనదేశములో ఉదయము 5 గంటల 30 నిమిషములకు సరిగా ముందు.

ఈ సంగతి విని తాత వల ప్రక్కన పెట్టి, “ఆ సెకనుసేపు నీరు ఆగినదా?” అని అడిగెను. “ఆగలేదు తాతా” అనెను మనుమడు. “ఐతే ఎవరికోసము కలిపినారురా?”

కంప్యూటర్లు నడుపువారికి ఈ అదనపు సెకను పెద్ద తలనొప్పి. 2035 నాటికి ఈ పద్ధతిని మానవలెనని 2022లో ప్రపంచదేశములు తీర్మానించినవి. సూర్యుని విడిచి అణువును నమ్ముట తగునా యని కొందరు ఖగోళజ్ఞులు సందేహించుచున్నారు. మానినను, గడియారమునకును సూర్యునికిని నడుమ ఒక్క నిమిషము తేడా యేర్పడుటకే అర్ధశతాబ్దమో, అంతకు మిక్కిలియో పట్టవచ్చును.