రెండు మైక్రాన్ల పొర

మన ఇళ్ళల్లో ప్రతి వస్తువుకీ ఒక యజమాని ఉంటాడు, లేదా ఉంటుంది. స్టవ్వు, మిక్సీ, కుట్టుమిషను ఎవరివో ఎవరూ చెప్పక్కర్లేదు. రేడియో, టేప్‌రికార్డరు, స్క్రూడ్రైవర్లున్న డబ్బా ఎవరివో కూడా చెప్పక్కర్లేదు. ఏదైనా పాడైనప్పుడు ఈ హద్దు మరీ స్పష్టంగా కనిపిస్తుంది. మిక్సీ పాడైతే వాడిన మనిషిని అంటారు. టేప్‌రికార్డరు పాడైతే వస్తువుని అంటారు.

మా అన్నయ్య ఓడల్లో ఇంజినీరుగా పనిచేశాడు. బైలదిల్లా ఇనుపఖనిజం కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో విశాఖకి దిగడం, ఇక్కణ్ణించి జపాన్‌కి ఓడెక్కడం 1960ల నుంచీ ఉన్నదే. 1976లో ఔటర్ హార్బర్ మొదలయ్యాక ఇంకా పెద్ద ఓడలొచ్చాయి. అలాంటి ఓడలో వెళ్ళి 1980ల మధ్యలో అన్నయ్య ఒక ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్ తెచ్చుకున్నాడు. దాన్ని నడపడానికి ఒక ఇనపపెట్టె. ఆ పెట్టెకి జపాన్‌లోలా వంద వోల్టులే కావాలి గనక మన 230ని తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు ఇంకొకటి. అప్పటి నెల జీతంతో కొనగలిగేది కాదది. జ్ఞానాపురం ఇంట్లో ముందుగదిలో దాని కోసం ఒక బల్ల, ఒక కుర్చీ ఏర్పడ్డాయి. "నాన్నగారు చెవులకి పెట్టుకున్నారు, పిలవకండి" అన్నది పిల్లలు ముందుగా నేర్చుకున్న వాక్యాల్లో ఒకటి. వదినకి మాత్రం దాన్ని ముట్టుకోవద్దని ఆజ్ఞ. బల్ల తుడవచ్చు, పెట్టె తుడవచ్చు, హెడ్‌ఫోన్ మాత్రం కాదు. రేవు వైపు నుంచి వచ్చే నల్లపొడిని కిటికీ పట్టీల మీంచి రోజుకి రెండుసార్లు తుడిచి, నలభై ఏళ్ళు దాన్ని కాపాడింది మాత్రం ఆవిడే.

అన్నయ్య పోయిన రెండో ఏడు వదిన మొదటిసారి దాన్ని పెట్టుకుంది. పాట కుడిచెవిలోనే వచ్చింది. ఎడమవైపు ఏమీ లేదు. అమెరికాలో ఉన్న కొడుకు, "అమ్మా, నువ్వు ముట్టుకోకు, విడిభాగాలకైనా అమ్ముడుపోతుంది" అన్నాడు. డాబాగార్డెన్స్ వైపు ఇద్దరు మెకానిక్కులకి చూపించాం. ఒకాయన ఇలాంటిది చూళ్ళేదని చెప్పి తిరిగిచ్చేశాడు. రెండో ఆయన, "ఇంట్లో మగవాళ్ళెవరూ లేరామ్మా?" అనడిగాడు. ఆ మాట విన్నాక దాన్ని మేమే విప్పాలని ఇద్దరం అనుకున్నాం.

నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని. దాని సూత్రం నాకు తెలుసు. మామూలు స్పీకర్లో ఉండే అయస్కాంతం, తీగచుట్ట ఇందులో ఉండవు. కన్నాలున్న రెండు పలకలు, వాటి మధ్య ఒకటి రెండు మైక్రాన్ల మందం ప్లాస్టిక్ పొర, అంతే. తలవెంట్రుక దానికన్నా ముప్పై నలభై రెట్లు లావు. ఆ పొర మీద కొన్ని వందల వోల్టుల ఛార్జి నిలిచి ఉంటుంది. కొన్ని మోడళ్ళలో అది 580. పాట విద్యుత్తుగా పలకల్లోకి వచ్చినప్పుడు ఒకటి పొరని లాగుతుంది, ఇంకొకటి నెడుతుంది. ఆ కదలికే శబ్దం. 1957లో ఇంగ్లండ్‌లో పీటర్ వాకర్ క్వాడ్ స్పీకరు తెచ్చింది ఈ పద్ధతిలోనే. 1960లో జపాన్ కంపెనీ స్టాక్స్ దాన్నే చెవికి సరిపడేలా చేసింది. ఇందులో కీలకం ఛార్జి కారిపోకుండా నిలవడం. ఉప్పుగాలి తేమకి ధూళి తోడైతే అది కారిపోవడానికి దారి దొరుకుతుంది. సముద్రం పక్కన బతికే వస్తువుకి ఇది తప్పదు.

పాట వచ్చే తీగల్ని ఎడమా కుడీ మార్చి చూశాం. అయినా ఎడమచెవే మూగ. అంటే లోపం పెట్టెలోకి వచ్చే పాటలో లేదు. పెట్టెని మాత్రం తెరవలేదు. ప్లగ్గు తీశాక కూడా అందులోని కెపాసిటర్లు ప్రాణం తియ్యగలవు. అన్నీ ఆపి, హెడ్‌ఫోన్‌ని పెట్టె నుంచి వేరుచేసి, ఒక రాత్రంతా వదిలేసి, మర్నాడు ఎడమ చిప్ప విప్పాం. దుమ్మాపడానికి వేసిన పల్చటి కాగితం లాంటి తెర చినిగి ఉంది. పలక కన్నాల్లో నల్లపొడి. పొర ఒక మూల వదులై పలకకి అంటుకుపోయింది. కొత్త పొర వెయ్యాల్సిందే.

రెండు మైక్రాన్ల పాలిస్టర్ ఫిల్మ్ విదేశం నుంచి తెప్పించుకోవడానికి రెండు నెలలు పట్టింది. వానలు వెళ్ళి, సంక్రాంతి దాటి, గాలి పొడిబారాక మొదలుపెట్టాం. ఆ ఫిల్మ్ చేతిలో ఉన్నట్టే తెలీదు. ఊపిరికి లేస్తుంది, వేలికి అతుక్కుంటుంది. మొదటి ముక్క విప్పగానే వదిన లేచి ఫ్యానాపేసింది, కిటికీ మూసింది, చేతులు కడుక్కుని ఆరబెట్టుకుంది. "పూతరేకు తీసేప్పుడు కూడా ఇంతే" అంది.

వదినది ఆత్రేయపురం. అక్కడి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన వేడి కుండ మీద బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని ఒక్కసారి పరిచి తీస్తే రేకు పడుతుంది. అది చినక్కుండా లేపడం వదిన పదేళ్ళ వయసులో నేర్చుకుంది. ఇప్పుడు గాజుపలక మీద ఫిల్మ్ పరిచి, చుట్టూ టేపు ముక్కలంటించి, ఎదురెదురుగా ఒక్కొక్కటే కొంచెంకొంచెం లాగుతూ ముడత లేకుండా బిగించింది. జిగురు రాసిన రింగుని దాని మీద ఆనించి బరువు పెట్టాం. మర్నాడు అంచు కోసి, స్థిర విద్యుత్తు పొరంతా పరుచుకోడానికి వాడే ద్రవాన్ని దూదితో తడీతడవనట్టు రాశాం. అది ఎక్కువైతే ఛార్జి పొర మీద అటూ ఇటూ పరుగెడుతుంది, శబ్దం చెడుతుంది. ఎంత తక్కువ రాయాలో లెక్క నేను చెప్పాను, చెయ్యి ఆవిడది.

1981లో డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ 'ఫెమినిస్ట్ రివ్యూ'లో రాసిన వ్యాసం మనలో చాలామంది చదివే ఉంటాం. ఎగుమతుల ఫ్యాక్టరీలు ఆడవాళ్ళ చురుకైన వేళ్ళు పుట్టుకతో వచ్చినవంటాయి. కానీ అవి తల్లుల దగ్గర, ఇంటిపనిలో ఏళ్ళ తరబడి నేర్చుకున్నవి. ఆ నేర్పడం ఎవరి కంటికీ కనపడదు గనక దానికి విలువా ఉండదు, జీతమూ ఉండదు అంటారు వాళ్ళు. 1989లో మా దువ్వాడ దగ్గర ఎగుమతుల జోన్ వచ్చినప్పుడు నేను క్లాసులో ఈ సంగతి మాట్లాడాను. అన్నయ్య ఇంట్లో ఇదే లెక్క తిరగబడి ఉండేది. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ చెయ్యి సుతారం, అందుకని చవక. ఇంట్లో అదే చెయ్యి మోటు, అందుకని ముట్టుకోకూడదు.

చిప్ప బిగించి, స్విచ్చి వేసి, ఛార్జి ఎక్కేదాకా ఆగి, విజయనగరం సుశీల పాట పెట్టాం. వదిన కళ్ళు మూసుకుంది. రెండువైపులా వస్తోందని చేత్తో సైగ చేసింది. నేను కాఫీకని వంటింట్లోకి వెళ్ళి, అలవాటుగా, "వదినా, పంచదారెంత?" అన్నాను. "ఒక చెంచా" అని ముందుగదిలోంచి జవాబొచ్చింది.

నేను బయటికొచ్చేసరికి వదిన హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకునుంది. ఇలాంటివాటికి వెనకవైపు మూత ఉండదు. పొర రెండువైపులా గాలిని కదపాలి గనక తెరిచే ఉంచుతారు. మరీ గట్టిగా పెడితే తప్ప బయటి మాట లోపలికి వస్తుంది. ఇదీ ఫిజిక్సే. నాకు తెలిసిన విషయమే. వదినకి అప్పుడే తెలిసింది.

"అంటే మీ అన్నయ్యకి వినపడేదన్నమాట" అంది.

పిల్లాడికి జ్వరమొచ్చిన రాత్రి, గ్యాసైపోయిన పొద్దున్న, వాళ్ళమ్మ పోయినట్టు టెలిగ్రామొచ్చిన రోజు, అవన్నీ ఆవిడ ముఖంలో వరసగా కదిలాయని నేను రాస్తే అది కథవుతుంది. నిజానికి ఆవిడ ఏమీ అనలేదు. కాఫీ తాగి, పాట మళ్ళీ మొదటినుంచి పెట్టమంది.

ఈమధ్య మధ్యాహ్నం పూట ఫోన్ చేస్తే వదిన ఎత్తదు. సాయంత్రం తనే చేస్తుంది. "విన్నానే, పాటయ్యాక చేద్దామని ఊరుకున్నా" అంటుంది.