వలిసె పూల కొండలు

నవంబరు నెలలో పాడేరు నుంచి అరకు వెళ్ళే దారిలో హుకుంపేట చేరేసరికి, కొండవాలులన్నీ పసుపు ఆరబోసినట్టు కనిపిస్తాయి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ మన్యప్రాంతం సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది.

మేము బస్సు దిగి ఒక చేను దగ్గరికి వెళ్ళాం. గట్టు మీద ఒక ముసలి రైతు కూర్చుని ఉన్నాడు.

"ఇవి పొద్దుతిరుగుడు పూలా, తాతా?" అని మా అబ్బాయి అడిగాడు.

"కాదు బాబూ, వలిసెలు. పొద్దుతిరుగుడుకు చిన్న చెల్లెలు అనుకో," అన్నాడు తాత.

నిజమే, రెండూ ఒకే కుటుంబపు మొక్కలు. వలిసెలను కొన్నిచోట్ల వెర్రినువ్వులు అని కూడా అంటారు. వానాకాలంలో విత్తనాలు చల్లితే చలికాలంలో పంట చేతికి వస్తుంది. గింజ నల్లగా, సన్నగా నిగనిగలాడుతుంది. అందులో 100కి 30 నుంచి 40 పాళ్ళు నూనె ఉంటుంది. ఆ నూనె కూరలకు పనికివస్తుంది. కీళ్ళ నొప్పులకు మర్దనా చేస్తారు. వేయించిన గింజలను ఉప్పు, మిరపకాయలతో దంచి పొడి చేసుకుంటారు. నూనె తీయగా మిగిలిన చెక్క పశువులకు మేత.

ఇంతకీ ఈ మొక్క పుట్టిల్లు మన దేశం కాదు, తూర్పు ఆఫ్రికాలోని ఇతియోపియా! దీని అడవి బంధువులు ఎక్కువగా అక్కడి ఎత్తు నేలల్లోనే పెరుగుతాయి. ఆ దేశస్థులు దీన్ని 'నూగ్' అంటారు. అక్కడి క్రైస్తవులు ఉపవాస దినాలలో వెన్న ముట్టరు; అప్పుడు వంటకు నూగ్ నూనే ఆధారం. నూగ్ మొలకలను వెల్లుల్లితో కలిపి దగ్గు మందుగా వాడే అలవాటు కూడా అక్కడ ఉంది.

పూల మీద తేనెటీగలు ఝుమ్మంటున్నాయి. వలిసె పువ్వుకు తన మొక్క పుప్పొడి పనికిరాదు. మరో మొక్క నుంచి ఈగలు తెచ్చిపెడితేనే గింజ కడుతుంది.

ఫొటో తీయించుకోవాలని మా అబ్బాయి చేలో కాలు పెట్టబోయాడు.

"ఆగు బాబూ! వచ్చినవాళ్ళందరూ ఒక్కొక్క అడుగు వేస్తే చేనంతా అణిగిపోతుంది. మీకు ఇవి పూలు. మాకు ఏడాదికి సరిపడే నూనె," అన్నాడు తాత.

వాడు సిగ్గుపడి కాలు వెనక్కి తీసుకున్నాడు. గట్టు మీదనే నిలబడి ఫొటో తీసుకున్నాం. పిల్లలూ, మీరు వెళ్ళినప్పుడు కూడా గట్టు మీదనే నిలబడండి. చేలోకి దిగే పని తేనెటీగలకు వదిలిపెట్టండి!